చెరి సగం

మా నాన్న తీర్పులన్నీ సగం దగ్గర ఆగుతాయి. గట్టు తగాదా వస్తే గట్టు చెరి సగం. ఒకడి గేదెలు ఇంకొకడి జొన్నచేలో పడితే, వదిలినవాడిది సగం తప్పు, కంచె వెయ్యనివాడిది సగం తప్పు. రోడ్డు పక్కన ఆగి ఉన్న బండిని ఎవడైనా వచ్చి గుద్దినా, ఆగినవాడిది కూడా సగం తప్పే, ఆ మలుపులో ఎందుకు ఆగాడని. ముప్పాళ్ళ మండలంలో మా ఊరి చుట్టుపక్కల స్టేషన్‌కు పోవాల్సిన గొడవలు చాలావరకు మా ఇంటి వసారాలోనే తేలిపోయేవి. ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసుల్లో టీ, మధ్యలో మా నాన్న.

చిన్నప్పుడు నాకిది పచ్చి అన్యాయంగా తోచేది. ఒకసారి మొహం మీదే అడిగాను, తప్పంతా ఒకడిదే అయినప్పుడు రెండోవాడి మీద సగం ఎందుకు వేస్తావని.

"తప్పంతా ఒకడి నెత్తిన పెట్టి పంపిస్తే వాడు ఇంటికెళ్ళి నిద్రపోడమ్మా. పగ పట్టి కూసుంటాడు. సగం ఇస్తే నన్ను తిట్టుకుంటా పోయి పడుకుంటాడు" అన్నాడు.

మా వైపు పగలు ఎంత దూరం పోతాయో చూసినవాడి మాట అది. ఆ సగాల పుణ్యాన ఎంతమంది బతికి బట్టకట్టారో నాకు తెలుసు. అందుకే ఆయన పద్ధతిని పూర్తిగా తిట్టలేను. పూర్తిగా కాకపోయినా తిడతాను, ఎందుకంటే అది చివరికి నా మీద పడింది.

నేను చేసే ఉద్యోగం ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు, నేనూ విడమరిచి చెప్పలేదు. హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. రకరకాల సంస్థల వెబ్‌సైట్లు, యాప్‌లు నడవడానికి కావలసిన కంప్యూటర్లను క్లౌడ్‌లో అద్దెకు తీసుకుని, అవి ఆగిపోకుండా చూసుకోవడం మా పని. క్లౌడ్ అంటే వినడానికి మబ్బులా గాల్లో తేలేదేదో అనిపిస్తుంది గానీ, నిజానికి ఎక్కడెక్కడి దేశాల్లోనో పెద్ద పెద్ద షెడ్లలో వరసగా పేర్చిన కంప్యూటర్లే. మన ఇంట్లో కూర్చుని వాటిని కావలసినన్ని తెరవొచ్చు, అక్కర్లేనప్పుడు మూసేయొచ్చు. దానికొక తాళంచెవి ఉంటుంది. పొడుగాటి అక్షరాల వరస, అంతే. అది ఎవడి చేతిలో ఉంటే వాడిదే పెత్తనం.

కరోనా కాలంలో ఇంటికొచ్చిన నన్ను కంపెనీ మళ్ళీ ఆఫీసుకు రమ్మనలేదు, ఇంటి నుంచే పని. మేడ మీద గది, ఒక ఫైబర్ లైను, ఒక ఇన్వర్టరు. ముప్ఫై దాటి చాలా ఏళ్ళయినా పెళ్ళి చేసుకోని ఆడది పల్లెటూళ్ళో పుట్టింట్లో ఉండాలంటే ఏదో ఒక కారణం చూపించాలి. ఎవరైనా నా పెళ్ళి ఊసెత్తితే మా అమ్మ "దానికి ఉద్యోగం ఉందిగా" అనేది. ఆ మాటతో వాళ్ళు ఇంకో సంగతిలోకి పోయేవాళ్ళు. మేడ మీద తలుపు వేసుకుని నా ఇష్టం వచ్చినట్టు బతికే హక్కు నాకు ఆ ఉద్యోగమే ఇచ్చింది. జీతం తర్వాతి సంగతి.

మిరప కోతల కాలంలో కల్లం దగ్గర కాపలాకు మనుషులు చాలరు. ఆ ఏడు మా మేనత్త కొడుకును పిలిపించారు. వాళ్ళది నాదెండ్ల వైపు. కానిస్టేబుల్ రాతపరీక్ష గట్టెక్కి, మిగతావాటి కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నాడు. నాకంటే చిన్నవాడు, వదినా వదినా అంటూ తిరిగేవాడు. పనిమంతుడు, నవ్వు మొహం. నాకు వాడంటే ఇష్టంగానే ఉండేది, ఆ సంగతి దాచడం దేనికి? కల్లంలో ఎండుతున్న కాయల ఘాటు మేడ మీదకు కొట్టేది. మీటింగుల్లో నేను ఒకటే తుమ్ముతుంటే హైదరాబాదు వాళ్ళు నాకు ఏడాది పొడుగునా జలుబే అనుకునేవాళ్ళు. మధ్యాహ్నం ఎండకు తాళలేక వాడు నా గదిలోకి వచ్చి, ఫ్యాను కింద చాప వేసుకుని ఫోన్ చూసుకునేవాడు. నేను నా పని చేసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కంపెనీ తాళంచెవి మారుస్తున్నాను. పాతది తీసేసి కొత్తది పుట్టించాను, ఆ అక్షరాల వరస స్క్రీన్ మీద ఉంది. అప్పుడే కింద నుంచి అమ్మ కేక పెట్టింది.

"వానా! కల్లంలో వానా! పట్టాలు కప్పండే!"

ఏడాది కష్టం ఎర్రగా నేల మీద పరిచి ఉన్నప్పుడు వాన పడితే ఏమవుతుందో మిరప వేసిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తడిసిన కాయ రంగు పోయి తెల్లతాలు అయిపోతుంది, ఇక దాన్ని అడిగేవాడుండడు. నేను చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. ఊళ్ళో అందరూ ఎవరి కల్లం వైపు వాళ్ళు పరిగెడుతున్నారు. నాన్న, అమ్మ, నేను పట్టా అంచులు లాగి రాళ్ళు పెడుతుంటే వాడు కాస్త వెనకగా వచ్చాడు. చెప్పులు వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాను. వచ్చాక మా అందరికంటే గట్టిగా పనిచేశాడు. కాయ దక్కింది. ఆ సాయంత్రం అమ్మ వాడికి ఇష్టమని గారెలు వండింది.

కోతలు అయిపోయి వాడు వాళ్ళ ఊరు వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు, పొద్దున్నే మా టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. నెమ్మదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు.

"మేడమ్, మీరేమైనా కొత్త సర్వర్లు తెరిచారా?"

తెరవలేదన్నాను. ఒకసారి చూడమన్నాడు. తెరిచి చూశాను. మా కంపెనీ పేరు మీద, మేమెప్పుడూ పని చెయ్యని దేశాల్లో, గుట్టలు గుట్టలుగా కంప్యూటర్లు తెరుచుకుని ఉన్నాయి. అన్నీ కలిసి ఒకే ఒక్క చిరునామా మీదకు దొంగ సందర్శకులను తోస్తున్నాయి. ఒక చిన్న కొట్టు గుమ్మంలోకి తిరనాళ్ళ జనాన్నంతా ఒక్కసారి తోస్తే, నిజంగా సరుకు కావలసినవాడు లోపలికి పోలేడు కదా, అట్లా. ఆ చిరునామా ఇంకో రాష్ట్రంలో ఏదో కాలేజీది. పిల్లలు పరీక్ష ఫీజు కట్టే సైటు, ఆ వేళ ఆఖరి రోజు. ఆ కాలేజీలో పనిచేసే ఎవరో క్లౌడ్ వాళ్ళకు పంపిన ఫిర్యాదు మాకూ వచ్చింది. తప్పుల తడక ఇంగ్లీషులో, పిల్లలు ఏడుస్తున్నారు, దయచేసి ఆపండి అని రాసుకున్నారు.

నేను కంప్యూటర్లన్నీ మూసేశాను, ఆ తాళంచెవి రద్దు చేశాను. అప్పటికే ఆలస్యమైంది. మధ్యాహ్నానికల్లా క్లౌడ్ వాళ్ళు మా కంపెనీ ఖాతా మొత్తాన్ని ఆపేశారు. మమ్మల్ని నమ్ముకున్నవాళ్ళ సైట్లన్నీ పడిపోయాయి.

"వాడింది మీ తాళంచెవి. మొదటిసారి వాడింది చిలకలూరిపేట వైపు నుంచి, ఎవరిదో ఫోన్ నెట్‌తో. మీకేమైనా తెలుసా?" అని అడిగాడు లీడ్.

నాదెండ్లకు చిలకలూరిపేట ఎంత దూరం? నాకు వెంటనే తెలిసిపోయింది. వాన రోజు వెనకగా వచ్చిన ఆ కాసేపు కూడా కళ్ళ ముందు కనబడింది. కనుక్కుని చెప్తానని పెట్టేసి, వాడికి ఫోన్ చేశాను. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించి ఉంటే బాగుండేది, కనీసం వాడి మీద కోపమైనా నిలిచేది.

"తప్పయింది వదినా" అన్నాడు వెంటనే. "ఒక గ్రూపులో అడిగారు. ఇట్టాంటి కీ ఉంటే పంపండి, టెస్టింగ్‌కి అన్నారు. స్క్రీన్ ఫోటో తీసుకుని పెట్టుకున్నా. నేను ఒకసారి పనిచేస్తదో లేదో చూసి వాళ్ళకిచ్చా. వాళ్ళు ఎవర్ని కొడతన్నారో నాకు తెలీదు వదినా, ఒట్టు."

తెలియదనే అనుకుంటున్నాను ఇప్పటికీ. కొట్టినవాడికి దెబ్బ తినేది ఎవరో తెలియదు, దెబ్బ తిన్నవాళ్ళకు కొట్టింది ఎవరో తెలియదు. పగకు పేరుపడ్డ మా ప్రాంతంలో కూడా ఇట్లాంటిది నేను వినలేదు.

మర్నాడు పొద్దున మా మేనత్త ఏడుస్తూ ఆటో దిగింది. నాన్న ఆమెను కూర్చోబెట్టి, నన్ను పిలిచి, అసలేం జరిగిందో చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఆయన అన్నీ విని అన్నాడు.

"అంటే మన పేరు మీద అద్దెకి ఇంజన్లు తెచ్చి, కాలవ మీద పెట్టి, పైపులన్నీ ఒకడి ఇంట్లోకి తిప్పారు. అంతేగా?"

అంతే. కంపెనీలో పెద్ద పెద్దవాళ్ళు కూడా ఇంత బాగా చెప్పలేరు. ఇంత బాగా అర్థం చేసుకున్నాడు కాబట్టి ఇక భయం లేదనుకున్నాను. అదే నా తెలివితక్కువతనం.

కంపెనీ నన్ను వివరణ అడిగింది, జరిగింది జరిగినట్టు మెయిల్ రాయమని. నేను అదే రోజు రాసేయబోయాను. నాన్న ఆగమన్నాడు. ఇది రెండు కుటుంబాల సంగతి, కూర్చుని మాట్లాడుకున్నాక రాయమన్నాడు. సొంత కూతురి గొడవలో తాను పెద్దరికం చెయ్యకూడదని, క్రోసూరు నుంచి పెదనాన్న వరసాయన్ని పిలిపించాడు. మాకూ మేనత్త వాళ్ళకూ ఇద్దరికీ కావలసినవాడు.

ఆదివారం పొద్దున వసారాలో కుర్చీలు వేశారు. అక్కడొక చిక్కు వచ్చింది. మా పంచాయితీల్లో దెబ్బ తిన్నవాళ్ళు ఒక పక్క, కొట్టినవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. దెబ్బ తిన్న కాలేజీ ఎక్కడో ఉంది, దాని పేరు కూడా ఎవరూ అడగలేదు. ఆ పక్క ఖాళీగా ఉంచితే పంచాయితీ సాగదు కదా. అందుకని అక్కడ మా మేనత్తను కూర్చోబెట్టారు. కేసు అయితే కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగం పోతుంది కాబట్టి ఆమే దెబ్బ తిన్నది. ఎదురుగా నేను. వాడు స్తంభానికి ఆనుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

"నువ్వు ఇచ్చావా అమ్మాయ్, వాడు తీసుకున్నాడా?" అన్నాడు పెదనాన్న.

"నేను ఇవ్వలేదు పెదనాన్నా. వానొస్తే కల్లంలోకి పరిగెత్తాను. వాడు ఫోటో తీసుకున్నాడు."

"తెరిచి పెట్టి పోయావుగా?"

"పోయాను."

"తెరిచి పెట్టి పోటానికీ, ఇవ్వటానికీ ఏంది తేడా?"

"మీరు ఇంటి తలుపు తీసి పొలం పోతే, దొంగోడికి మీరే ఇచ్చినట్టా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న నవ్వలేదు.

"పెద్దాయనకి ఎదురు చెప్పమాక" అన్నాడు.

తర్వాత అంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన దారిలోనే నడిచింది. వాడు తెలిసీ తెలియని వయసులో చేశాడు, అది సగం. ఈమె చదువుకుని కూడా జాగ్రత్త పడలేదు, ఇది సగం. కాబట్టి నేను కంపెనీకి ఇట్లా రాయాలి: నేర్చుకుంటానని మా బంధువు ఒకడు అడిగితే నేనే ఇచ్చాను, అతను తెలియక వేరేవాళ్ళకు ఇచ్చాడు. పేరు రాయకూడదు. పేరు రాస్తే తప్పు మొత్తం వాడి మీద పడుతుంది, అది ధర్మం కాదు.

"కంపెనీలో సగాలు ఉండవు" అన్నాను. "ఇచ్చానని రాస్తే వాళ్ళు దాన్ని ఇంకో రకంగా చూస్తారు."

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడికి ఇది పోతే ఇంకోటి రాదే తల్లీ. నువ్వు చానా చదివావు. నీకు ఇది కాకపోతే ఇంకోటి."

"అదీ నిజమేగా. నీకు ఉద్యోగాలకేం కొదవ?" అన్నాడు పెదనాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి పెరట్లోకి వెళ్ళాను. నాన్న నా వెనకే వచ్చాడు. పంపు దగ్గర నిలబడి మాటల కోసం తడుముకున్నాడు. నా జీవితంలో ఆయన్ని అట్లా చూడలేదు.

"అమ్మా, ఎవరెవరి బిడ్డల మీదో సగం వేశాను. వాళ్ళంతా నోరు మూసుకుని తీసుకుపోయారు. ఇయ్యాల నా కూతురి దాకా వచ్చేసరికి సున్నా అంటే, రేపట్నుంచి ఈ ఊళ్ళో నా మాట ఎవడు వింటాడు? మళ్ళా కత్తులు తీస్తారు. ఒప్పుకో అమ్మా. సగమే."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాకు చదువు చెప్పించాడు, నేను పెళ్ళి వద్దంటే సరేనన్నాడు, మేడ మీద గది కట్టించాడు. ఒక్కసారి కూడా బదులు అడగలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. జాలే గెలిచింది, పాడు జాలి. పైకి వెళ్ళి, వాళ్ళు చెప్పినదాన్ని ఇంగ్లీషులో పెట్టి పంపించాను.

రాజీ కుదిరాక రెండు పక్కలవాళ్ళూ కలిసి భోజనం చెయ్యడం మా దగ్గర ఆనవాయితీ. వాడు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. పెదనాన్న ముందు ఫోన్‌లోంచి సిమ్ తీసి విరిచాడు. తర్వాత విస్తళ్ళ ముందు కూర్చున్నాం. గోంగూర పప్పు, వంకాయ కూర. వాడే వడ్డించాడు, "ఇంకొంచెం వెయ్యనా వదినా" అంటూ. మేనత్త మొహం తేటపడింది. వాడి సగం తప్పు ఆ భోజనంతో తీరిపోయింది. చేతులు కడుక్కుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. పాపం పెదనాన్న కూడా వెళ్తూ వెళ్తూ నా తల నిమిరి, మంచి పిల్లవన్నాడు.

రెండు రోజులకు లీడ్ ఫోన్ చేశాడు. గొంతు అదోలా ఉంది.

"అట్లా ఎందుకు రాశారండీ?"

నా జవాబు కోసం ఆగకుండా ఆయనే చెప్పుకుపోయాడు.

"స్క్రీన్ తెరిచి వదిలి వెళ్ళారనుకోండి, అది అజాగ్రత్త. ఒక వార్నింగ్‌తో పోయేది. నేను అదే అనుకున్నాను, పైవాళ్ళకు అదే చెప్పి ఉంచాను కూడా. మీరేమో చేతులారా ఇచ్చానని రాశారు."

అప్పుడు అంతా చెప్పాను. వాన, పట్టాలు, ఫోటో, పంచాయితీ. కల్లం అంటే ఏంటో ఆయనకు తెలియదు, అదీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. నమ్మాడు కూడా. అదే ఇంకా బాధగా ఉంది నాకు.

"నేను నమ్ముతున్నాను మేడమ్. కానీ ఆ మెయిల్ క్లౌడ్ వాళ్ళకు వెళ్ళిపోయింది. తాళంచెవి ఇచ్చినవాళ్ళు దొరికారు, తీసేస్తున్నాం అని చెప్తేనే వాళ్ళు మన ఖాతా మళ్ళీ తెరిచారు. ఇప్పుడు కాదంటే ఎవరు ఒప్పుకుంటారు? మీ మీద ఉన్న సాక్ష్యం ఏంటంటే మీరు రాసిందే. ఇంకేం లేదు."

ఆయన మాట్లాడుతుండగానే నా ముందున్న స్క్రీన్ మీద ఒక్కోటీ మూసుకుపోతున్నాయి. ముందు మెయిల్, తర్వాత మేమంతా మాట్లాడుకునే చోటు, తర్వాత నేను ఇన్నేళ్ళు కాపలా కాసిన సర్వర్లు. చివరికి ఉత్త లాప్‌టాప్ మిగిలింది. దాన్ని కూడా కొరియర్‌లో పంపమన్నారు.

కిందకు దిగాను. నాన్న వసారాలో ఒక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఉద్యోగం తీసేశారు నాన్నా."

"ఎవర్ని?"

"నన్నే."

పేపరు మడిచాడు. కళ్ళజోడు తీశాడు. నా మొహంలోకి చూస్తూ, ఎక్కడో లెక్క తప్పినట్టు కనుబొమలు ముడిచాడు.

"అదేంది? నువ్వు ఒప్పుకుంది సగమేగా? ఉద్యోగం మొత్తం ఎట్టా తీస్తారు?"

వెటకారం కాదు, బుకాయింపూ కాదు. నిజంగా తెలియకే అడిగాడు. లేచి లోపలికి వెళ్ళాడు. ఉతికిన చొక్కా ఎక్కడుందని అమ్మను అడగడం వినిపించింది. ఎక్కడికని అడిగింది అమ్మ.

"హైదరాబాదు పోయొస్తా. వీళ్ళ కంపెనీలో కూడా ఎవరో ఒక పెద్దమనిషి ఉంటాడుగా, కూసోబెట్టి మాట్లాడతా."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటకు వచ్చి, ఎక్కడికి పోవాలో, ఎవర్ని అడగాలో చెప్పమన్నాడు. ఆయన మాటకు విలువ ఇచ్చే మనిషి అక్కడ ఒక్కడూ లేడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఆయన నా ఎదురుగా నిలబడి, చిరునామా కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.